నెయ్యి పట్టినంత

ధనుర్మాసం. తెల్లవారి ఆరున్నర. తణుకులో మా అమ్మమ్మగారి ఇంటి వెనక వసారాలోకి రండి. చెప్పులు మెట్ల కిందే వదిలి, ముగ్గు తొక్కకుండా ఆ పక్క నుంచి నడవండి. గుడి మైకులో తిరుప్పావై అయిపోవస్తోంది. వసారాలో గ్యాస్ పొయ్యి మీద ఇనప మూకుడు, దాని ముందు పీట మీద అమ్మమ్మ. మూకుట్లో సున్నుండల కోసం పొట్టు మినుములు. అట్లకాడ ఆగకుండా తిరుగుతోంది.

ఇంకా వాసన రాలేదు. మినుములు వేడెక్కిన వాసన వేరు, వేగిన వాసన వేరు. సెగ బాగా తగ్గించి పెట్టింది కాబట్టి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. మధ్యలో గుప్పెడు బియ్యం కూడా వేసింది. బియ్యం పడకపోతే సున్ని, అంటే వేగిన మినప్పిండి, అంగిట్లో అతుక్కుంటుంది. నల్లటి పొట్టు మీద రంగు తెలియదు కనుక కంటిని నమ్మడానికి లేదు. అమ్మమ్మ ఒక గింజ తీసి కొరుకుతుంది. పటుక్కున విరగాలి, లోపల పప్పు దోరగా బంగారు రంగుకి తిరగాలి. మీకూ ఒక గింజ ఇస్తుంది, కొరికి చూడండి. ఇంకా పచ్చిగానే ఉంది. మరో ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ కొరకండి. ఇప్పుడు నోరంతా కమ్మదనం.

"దించేయ్ అమ్మా, మాడుతుంది" అంటుంది పిన్ని గుమ్మంలోంచి.

"నువ్వు ఊరుకోవే. మూకుడు వేడికి దించాక కూడా వేగుతాయి. ఆ లెక్క నాకు తెలుసు" అంటూనే అమ్మమ్మ మినుముల్ని వెడల్పాటి పళ్ళెంలో దిమ్మరించేసింది.

పిన్ని విశాఖపట్నం నుంచి కారు వెనక సీట్లో 28 లీటర్ల ఓవెన్ పెట్టుకుని వచ్చింది. సున్నుండల్ని బిస్కెట్లుగా మార్చాలని ఆమె పట్టుదల. కారణం డాలస్‌లో ఉంది. అక్కడ మా చెల్లి కొడుకు ఈ ఏడే బడిలో చేరాడు. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలుంటారని, అవి ఉన్నవేవీ డబ్బాలో పెట్టి పంపొద్దని అమెరికాలో చాలా బడుల్లో నియమం. సున్నుండలో ఆ రెండూ లేవు. కానీ నెయ్యి కారే ఉండ ఐదేళ్ళ పిల్లాడి చేతిలో, వాడి పుస్తకాల మీద ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైగా పార్సెల్లో వెళ్ళిన సున్నుండలు అక్కడికి పొడిగా చేరతాయి.

మినుములు చల్లారి, మరపట్టించుకొచ్చేలోపు వంటింట్లోకి పదండి. గట్టు మీద పిన్ని తూకం యంత్రం పెట్టింది, అరచేయంత పలక, ఒక్క గ్రాము కూడా చూపిస్తుంది. దాని పక్కన అమ్మమ్మ ఇత్తడి గిద్ద, సోల. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. ఈ ఇంట్లో పిండివంటలన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. అమ్మమ్మవాళ్ళ అమ్మ నాటి మాటల్లోనైతే బెల్లం వీసెల్లో, పలాల్లో ఉండేది. నలభై పలాలు వీసె, అంటే దాదాపు 1 కిలో 400 గ్రాములు. 1956లో మెట్రిక్ తూనికల చట్టం వచ్చాక అంగట్లో వీసె పోయింది, వంటింట్లో గిద్ద మాత్రం మిగిలింది.

"సున్నుండలకి కొలత చెప్పమ్మా."

"సోలెడు సున్నికి మూడు గిద్దల బెల్లం తురుము. నెయ్యి పట్టినంత."

పిన్ని కలం 'పట్టినంత' దగ్గర ఆగింది. ఎంత పడుతుందో అమ్మమ్మ నోటితో చెప్పలేదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ కొలవలేదు. అరచేతిలో పిండి పిడికిలి బిగిస్తే వేళ్ళ అచ్చు నిలవాలి, వదిలితే చేతికి మెరుపు అంటాలి. ఆ గుర్తు చేతిలో ఉంది, కాగితం మీద లేదు. అలాంటప్పుడు అడిగినకొద్దీ విసుగు తప్ప జవాబు రాదు. పిన్ని చేసిన పని చూడండి. గిద్దతో నీళ్ళు తూచింది, నూటఐదు గ్రాములు. మర నుంచి రాగానే సున్ని తూచింది, అరవై. బెల్లం తురుము డెబ్బై. ఆ తర్వాత నేతిగిన్నెను గిన్నెతో సహా పలక మీద పెట్టి 612 అని రాసుకుంది. "ఇంక నీ ఇష్టం, నువ్వు చుట్టుకో" అని గిన్నె అమ్మమ్మ ముందు పెట్టింది.

అమ్మమ్మ తన ధోరణిలో తను సోలెడు సున్నిలో బెల్లం కలిపి, యాలకుల పొడి చల్లి, చెంచాతో కాచిన నెయ్యి పోస్తూ ఉండలు చుట్టేసింది. పిన్ని గిన్నెను మళ్ళీ పలక మీద పెట్టింది. 470. నూట నలభై రెండు గ్రాములు! రెండొందల నలభై గ్రాముల సున్ని పట్టిన నెయ్యి అది. తరాలుగా ఎవరి నోటికీ అందని కొలత, గిన్నెను ముందు ఒకసారి వెనక ఒకసారి తూచేసరికి దొరికిపోయింది. అమ్మమ్మ కూడా అంకెను తొంగి చూసింది. "అంతేనా? నేనింకా ఎక్కువనుకున్నా" అంది.

ఇప్పుడు మార్పు మొదలు. పిన్ని ఒక సున్నుండను యథాతథంగా పళ్ళెంలో పెట్టి వేడి ఓవెన్‌లోకి తోసింది. తినడానికి కాదు, ఏమవుతుందో అందరికీ కనబడాలని. మీరూ గాజు తలుపు దగ్గర కూర్చోండి. మొదట ఉండ మెరిసింది. తర్వాత అడుగున నెయ్యి మడుగు. పది నిమిషాలకల్లా ఉండ కూలిపోయి, ఇసుక దిబ్బలా పరుచుకుంది. సున్నుండను పట్టి ఉంచేది నెయ్యే అని ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. ఇంట్లో చల్లదనానికి నెయ్యి పేరుకుని పిండి రేణువుల్ని అంటిపెట్టుకుంటుంది. వేడి తగిలితే కరుగుతుంది, కరిగితే పట్టు పోతుంది. మినుముల్లో గోధుమలో ఉండే జిగురు లేదు, పైగా వేగిపోయిన పప్పు. కనుక దాన్ని ఎంత కలిపినా సాగదు, నిలవదు.

కాబట్టి కొత్త పట్టు కావాలి. రుచి ఎక్కడుందో దాన్ని ముట్టుకోకూడదు. సున్నుండ రుచంతా ఆ ఇరవై నిమిషాల వేపుడులో, నేతిలో, బెల్లంలో ఉంది. ఆ మూడూ అలాగే ఉండనిచ్చి, నిలబెట్టే పని మాత్రం గోధుమపిండికి అప్పగించాలి. మినప సున్ని 120 గ్రాములు, గోధుమపిండి 120 గ్రాములు, బెల్లం పొడి 110, నెయ్యి 130, పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు. తీపి ఉండలో ఉన్నంత ఉండదు, పిండి రెట్టింపైంది కాబట్టి. బిస్కెట్‌కి ఆ తీపి చాలు.

నెయ్యి కాచినది కాదు, పేరినది కావాలి. కరిగిన నెయ్యి గాలిని పట్టుకోదు. పేరిన నేతిని బెల్లంతో కలిపి చేత్తో మెదిపితే సన్నని గాలి బుడగలు చేరి నెయ్యి తెల్లబడుతుంది, బిస్కెట్ గుల్లగా రావడానికి అదే మూలం. ఉత్తరాది నాన్‌ఖటాయీ చేసేవాళ్ళు చేసేదీ ఇదే. ఎండాకాలమైతే నేతిగిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. ధనుర్మాసంలో ఆ బాధ లేదు, పొద్దున్నే గిన్నెలో నెయ్యి పూసపూసగా పేరి ఉంది. చెయ్యి కడుక్కుని మీరు కూడా ఒక పట్టు పట్టండి. మొదట పూసలు వేళ్ళకి తగులుతాయి, తర్వాత మెత్తబడి వెన్నలా జారుతుంది, రంగు తేలుతుంది.

బెల్లం అనకాపల్లిది. దిమ్మ కొట్టి, తురిమి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి ఉంచారు. బెల్లం గాలిలో తేమను లాక్కుంటుంది. తడి బెల్లం వేస్తే ముద్ద జారిపోతుంది, బిస్కెట్ పరుచుకుంటుంది. పంచదార కన్నా త్వరగా రంగు కూడా ఎక్కుతుంది, అందుకే పంచదార బిస్కెట్‌ని 170 డిగ్రీల దగ్గర కాల్చేవాళ్ళు దీన్ని 160 దగ్గరే ఉంచాలి. జల్లెడ పట్టడం మరిచిపోకూడదు. మన దిమ్మ బెల్లంలో ఇసుక రేణువులు ఉండటం కొత్తేం కాదు, పాకంలో అయితే వడగడతాం, ఇక్కడ వడకట్టే ఘట్టం లేదు.

ముద్ద కలిసింది. విరుగుతున్నట్టుంటే చెంచాడు పాలు. అంతకన్నా వద్దు. పాతిక గ్రాముల ఉండలు చేసి, అరచేత్తో కొద్దిగా అదిమి, పళ్ళేనికి పన్నెండు చొప్పున పేర్చారు. మధ్యలో వేలెడు జాగా.

ఓవెన్ దగ్గరికి అమ్మమ్మ పీట జరుపుకుని వచ్చి కూర్చుంది. ఆమెకి ఈ పెట్టె కొత్త, కానీ పైనా కిందా సెగ కొత్త కాదు. దిబ్బరొట్టె కాల్చినవాళ్ళకి అది పుట్టుకతో వచ్చిన చదువు. మందపాటి మూకుట్లో మినప్పిండి పోసి, కింద కుంపటి సెగ, పైన మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవారు. కింద ఎర్రటి పెచ్చు కట్టి, పైన కూడా రంగు తిరిగేది. తర్వాత ఇంటింటికీ కుక్కర్ వచ్చినప్పుడు అడుగున ఇసుక పోసి, మూత రబ్బరు తీసేసి అందులో కేకు పెట్టేవారు. ఆ తర్వాత గుండ్రటి అల్యూమినియం ఓవెన్, మూతకి గాజు కిటికీతో. ఓవెన్ మనకి నిన్న మొన్న వచ్చింది అనేవాళ్ళు దిబ్బరొట్టె మూకుడు ఒక్కసారి చూడాలి.

"పై సెగ ఎక్కువైందే. పైన రంగొచ్చి లోపల పచ్చిగా ఉంటాయి" అంది అమ్మమ్మ.

పిన్ని మారుమాట లేకుండా పళ్ళేన్ని ఒక మెట్టు కిందకి దించి, పై కడ్డీ ఆపేసి కింద కడ్డీ ఒక్కటే ఉంచింది. చివరి నాలుగు నిమిషాలకి పై కడ్డీ మళ్ళీ వేసింది.

పద్దెనిమిది నిమిషాలు. ఇల్లంతా వేగిన మినప వాసన, దాని వెనక కాలిన బెల్లం. తలుపు తీయగానే ముట్టుకోబోయారా? ఆగండి. వేడి మీద ఇవి మెత్తగా ఉంటాయి, పట్టుకుంటే విరుగుతాయి. బెల్లం చల్లారితే గట్టిపడుతుంది. పళ్ళెంలోనే అరగంట వదిలేసి, అప్పుడు ఒకటి తీయండి. పైన సన్నగా పగుళ్ళు, అంచు గోధుమ రంగు. కొరికితే కరకరమని విరిగి, నోట్లో పడగానే సున్నిలా కరుగుతుంది. పొట్టు తాలూకు చిన్న చేదు కూడా చివర్న ఉంది. ఆ చేదు లేకపోతే నేను దీన్ని సున్ని బిస్కెట్ అని ఒప్పుకునేదాన్ని కాదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఓవెన్‌లో కాల్చినంత మాత్రాన వంట తేలికైపోదు. ఈ ఒక్కో బిస్కెట్లో ఆరేడు గ్రాముల నెయ్యి ఉంది. నూనెలో వేయించలేదు కదా అని పిల్లల ముందు డబ్బా తెరిచి పెట్టేయడం మంచిది కాదు. మనం మార్చింది ఆకారాన్ని, నిలవ ఉండే, డబ్బాలో ప్రయాణించే గుణాన్ని. ఆరోగ్యం పేరు చెప్పి నెయ్యి సగానికి కోసిన బిస్కెట్లు కూడా తిన్నాను, సున్నపు బిళ్ళల్లా ఉంటాయి.

వీడియో కాల్‌లో చెల్లి వచ్చింది. మనకి తొమ్మిదిన్నర, అక్కడ నిన్నటి రాత్రి పది. పిల్లాడు నిద్రపోయాడు.

"పిన్నీ, నా దగ్గర పేరిన నెయ్యి తక్కువుంది. వెన్న వేయొచ్చా?"

"వెయ్యమ్మా. కానీ వెన్నలో నూటికి ఎనభై పాళ్ళే కొవ్వు, మిగతాదంతా దాదాపు నీళ్ళు. నేతికి 130 అన్నచోట వెన్న 160 వేసుకో. పాలు మానెయ్. ఉప్పు లేని వెన్న చూసుకో."

"గోధుమపిండి ఇక్కడి షాపులోది వేస్తా."

"వద్దు. ఇండియన్ స్టోర్‌లో ఆటా తెచ్చుకో. మన తిరగలి పిండి మెత్తగా నలుగుతుంది, తడి ఎక్కువ పీలుస్తుంది. అక్కడి పిండిలో తవుడు ముక్కలు పెద్దవి, పంటికి తగులుతాయి."

చెల్లి ఓవెన్‌లో డిగ్రీలు ఫారెన్‌హీట్. 160కి అక్కడ 325 పెట్టుకోవాలి, ఫ్యాను తిరిగే ఓవెన్ అయితే మరో 25 తగ్గించాలి. బెల్లం దొరక్కపోతే బ్రౌన్ షుగర్ వేసుకోవచ్చు, బిస్కెట్ అవుతుంది, బెల్లం వాసన రాదు. పిన్ని అది దాచకుండా చెప్పేసింది.

మధ్యాహ్నం కజ్జికాయలు. వీటిలో లెక్క వేరు. కజ్జికాయను నిలబెట్టేది పై పొర, అది మైదా. మైదాలో జిగురుంది, ఓవెన్‌కి భయపడదు. మారేది నెయ్యి కొలత. నూనెలో వేగేటప్పుడు పొర కొంత నూనె పీల్చి గుల్లబారుతుంది, ఓవెన్‌లో ఆ అవకాశం లేదు. అందుకని పిండి కలిపేటప్పుడే పోసే వేడి నెయ్యి రెట్టింపు చేయాలి. పిండిలో నెయ్యి పోసి రుద్ది, పిడికిట పడితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే రాలిపోవాలి. లోపల ఎండుకొబ్బరి, వేయించిన నువ్వులు, పుట్నాలపప్పు పొడి, బెల్లం. అచ్చు చెక్కలో పొర పరిచి, ఎప్పుడూ పెట్టేదానికన్నా ఒక చెంచా తక్కువ పెట్టి నొక్కండి. వీపు మీద పిన్నీసుతో రెండు గాట్లు. లేకపోతే లోపలి ఆవిరి అంచు పగలగొడుతుంది, కారిన బెల్లం పళ్ళేనికి కరుచుకుంటుంది. 180 డిగ్రీలు, ఇరవై నుంచి పాతిక నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేయడం.

నూనెలో నాలుగైదు నిమిషాల్లో అయ్యే పనికి ఇంతసేపు ఎందుకంటే, కాగిన నూనె వేడిని అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా అందిస్తుంది, వేడి గాలి నెమ్మదిగా అందిస్తుంది. అందుకే పొర మీద నూనెలో లేచే బుడిపెలు రావు. వచ్చింది కజ్జికాయకి దగ్గరి చుట్టం. నూనె వాసన పట్టదు. నాకు నచ్చింది, తాతయ్యకి నచ్చలేదు. ఆయన పళ్ళెంలో అమ్మమ్మ నూనెలో వేసిన వాయి ఉంది, అదీ న్యాయమే.

జంతికల దగ్గర పిన్ని ప్రయత్నం కూడా చేయలేదు. బియ్యప్పిండికి జిగురు లేదు. కాగిన నూనె తాకగానే లోపలి తేమ బుస్సుమని ఆవిరై పోతూ సన్నని రంధ్రాలు చేస్తుంది, కరకరదనం అక్కడిది. ఓవెన్‌లో అదే జంతిక నెమ్మదిగా ఎండి పుల్లలా బిగుస్తుంది. పప్పుచెక్కలు పల్చగా అదిమి, పిండిలో నూనె పెంచి కాలిస్తే తినేలా వస్తాయి, జంతికలు రావు. అరిసెలు అసలే కావు. తడి బియ్యప్పిండిని ఉండపాకం పట్టి నిలబెడుతుంది. నూనెలో పడి, పొంగి, తేలాక రెండు చెక్కల మధ్య నొక్కితేనే అరిసె. దానికి మరో దారి వెతకడం వృథా. ఇంటి వంటల్లో ఏది మారుతుందో కనిపెట్టినంత శ్రద్ధగా ఏది మారదో కూడా రాసిపెట్టుకోవాలి.

సాయంత్రం నాలుగింటికి మళ్ళీ చెప్పులు తొడుక్కోండి. చుట్టాలందరికీ పంచాలంటే ఇంటి ఓవెన్ చాలదు. కిలో సున్ని, కిలో గోధుమపిండి, 920 గ్రాముల బెల్లం పొడి, 1 కిలో 80 గ్రాముల నెయ్యి స్టీలు డబ్బాల్లో సర్దుకుని సందు చివరి బేకరీకి వచ్చాం. మన సరుకు మనం ఇస్తే, కిలోకి ఇంత అని కూలి తీసుకుని బిస్కెట్లు చేసిచ్చే బేకరీలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. క్రిస్మస్ ముందు ఇక్కడ నిలబడే చోటు ఉండదు, ఇంటింటి కేకు డబ్బాలూ వరసలో ఉంటాయి.

లోపల ఇటుక భట్టీ. రొట్టెలు మధ్యాహ్నమే దిగిపోయాయి. పెద్ద వేడి రొట్టెకి, వేడి దిగుతున్నప్పుడు బిస్కెట్లకి. బేకరీ మాస్టారు గుప్పిట్లోంచి చిటికెడు మైదా భట్టీ నేల మీద విసిరాడు. పిండి నల్లబడితే వేడి ఎక్కువ, మెల్లగా గోధుమ రంగుకి తిరిగితే సమయం వచ్చినట్టు. నల్లబడింది. "ఇంకో అరగంటమ్మా" అన్నాడు.

పిన్ని కాగితం అందించింది. ఆయన చూసి, బెల్లం పొడిని వేళ్ళతో నలిపి, "సోడా లెక్కకి ఎక్కువుందమ్మా. బెల్లంలోనే కాస్త పులుపుంటది, దానికి సోడా కలిస్తే బాగా ఉబ్బి పగుల్తాయి. రెండు చెంచాలొద్దు, చెంచాన్నర చాలు" అన్నాడు. పిన్ని అక్కడే కాగితం మీద కొట్టేసి 'చెంచాన్నర' అని రాసింది. ముద్ద కలిపి ఉండలు చేశాక, పొడుగాటి చెక్క తెడ్డు మీద పళ్ళేలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి. ఈ ఇటుకలిచ్చే పొడి వేడి మా ఓవెన్‌లో లేదు. బయటికొచ్చినవాటికి అంచులు ఇంకా సమంగా కాలాయి, రంగు అంతటా ఒకటే. చిన్నదానికి ఇంటి ఓవెన్, పెద్దదానికి భట్టీ, ఇదే నా తీర్పు.

ఈ సంక్రాంతికి మీ ఇంట్లో పెద్దవాళ్ళు పిండివంటలకి కూర్చున్నప్పుడు వాళ్ళని కొలతలు చెప్పమని వేధించకండి. నేతిగిన్నె, నూనెగిన్నె, బెల్లం డబ్బా ముందు తూచండి. వాళ్ళ పని వాళ్ళని చేసుకోనిచ్చి, అయ్యాక మళ్ళీ తూచండి. గిద్దలో పిండి, నెయ్యి, బెల్లం వేరువేరుగా ఎంతెంత తూగుతాయో రాయండి, ఒకదాని బరువు ఇంకొకదానికి పనికిరాదు. ఎంతసేపు వేయించారో గడియారం చూసి రాయండి. ఆ కాగితం చేతిలో ఉంటే డాలస్‌లోనైనా, విశాఖలోనైనా వంటను మార్చుకోవచ్చు. అది లేకపోతే మార్చడానికి మన దగ్గర అసలు వంటే ఉండదు.